పది రోజుల జన్మహక్కు

అమెరికా, కెనడా తదితర దేశాలలో పుట్టి పెరిగిన యూదు యువతీయువకులు బృందాలుగా ఇజ్రాయెల్ వెళ్ళి పది రోజులు పర్యటించి వస్తారు. విమాన ఛార్జీ, బస, ప్రయాణ ఖర్చులు వారు భరించనక్కరలేదు. 1999 డిసెంబరులో ప్రారంభమైన ఈ పథకం పేరు 'బర్త్‌రైట్ ఇజ్రాయెల్'. బర్త్‌రైట్ అనగా జన్మహక్కు. ఇంతవరకు 8 లక్షల మందికి పైగా యువత ఈ యాత్ర చేసింది. పథకం బలమూ, దానిపై రేగిన వివాదమూ ఆ పేరులోనే ఇమిడి ఉన్నాయి.

దీని పుట్టుకకు మూలం ఒక భయం. 1990లో అమెరికా యూదులపై జరిగిన జాతీయ సర్వే, అంతకు ముందు కొద్ది సంవత్సరాలలో పెళ్ళి చేసుకున్న యూదులలో 52 శాతం మంది అన్యమతస్థులను వివాహమాడారని పేర్కొంది. ఆ అంకెను తర్వాత కొందరు నిపుణులు తప్పుపట్టినప్పటికీ, అది కలిగించిన కలవరం మాత్రం చల్లారలేదు. హింస వలన కాక, సుఖజీవనం వలన ఒక జాతి కరిగిపోతుందేమోనన్న భయమది. పొరుగు భాషల నడుమ తరతరాలుగా తెలుగును నిలుపుకుంటున్న కుటుంబాలకు ఈ బెంగ అపరిచితం కాదు. ఇజ్రాయెల్ నాయకుడు యోసి బైలిన్ ఉచిత యాత్ర ఆలోచనను ముందుకు తేగా, సంపన్నులైన చార్లెస్ బ్రాన్‌ఫ్‌మన్, మైకేల్ స్టైన్‌హార్ట్ దానికి రూపమిచ్చారు. దాతలు, ఇజ్రాయెల్ ప్రభుత్వం, యూదు సంస్థలు కలిసి ఖర్చు భరిస్తున్నాయి.

సుమారు నలభై మంది ఒకే బస్సులో తిరుగుతారు. మసాదా కోట, మృత సముద్రం, జెరూసలేంలోని పశ్చిమ కుడ్యం, నాజీల నరమేధానికి స్మారకమైన యాద్ వషేం వారు దర్శించే స్థలాలు. తమ ఈడు ఇజ్రాయెలీలు, వారిలో పలువురు సైనికులు, కొన్ని రోజులు వారితోనే ప్రయాణిస్తారు. ఉపన్యాసాల కంటే ఈ స్నేహమే ఎక్కువ పని చేస్తుంది. యాత్రకు వెళ్ళినవారినీ, దరఖాస్తు చేసి వెళ్ళనివారినీ పోల్చి బ్రాండైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏళ్ళ తరబడి అధ్యయనం చేశారు. వెళ్ళినవారిలో ఇజ్రాయెల్‌పై అనుబంధమూ, యూదులనే వివాహమాడే అవకాశమూ ఎక్కువని తేల్చారు. పది రోజులు వృథా కాలేదన్నమాట.

అయితే జన్మహక్కు ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉంది. 1950 నాటి చట్టం ప్రపంచంలోని ఏ యూదుడైనా ఇజ్రాయెల్ వచ్చి స్థిరపడవచ్చునంటుంది. 1948 యుద్ధంలో నిరాశ్రయులైన సుమారు 7 లక్షల పాలస్తీనీయుల తిరుగురాకను ఐక్యరాజ్యసమితి అదే సంవత్సరం 194వ తీర్మానంలో ప్రస్తావించినా అది నేటికీ అమలు కాలేదు. చికాగోలో పుట్టిన యువకుడు అతిథిగా దిగే హైఫా నగరాన్ని, అక్కడే పుట్టిన తాతగారి మనుమడు లెబనాన్ శరణార్థి శిబిరం నుండి చూడలేడు. 2018 వేసవిలో కొందరు యాత్రికులే ఈ విషయం లేవనెత్తి, బృందాలను మధ్యలో విడిచి పాలస్తీనీయుల వద్దకు వెళ్ళారు. వారూ యూదులే కావడం గమనార్హం.

ఈ ప్రశ్న తెలుగు నేలను కూడా తాకింది. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో 'బెనె ఎఫ్రాయిం' అనే చిన్న తెలుగు సమాజం తాము ఇజ్రాయెల్ గోత్రాలలో ఒకదానికి చెందినవారమని నమ్మి, యూదు ఆచారాలు పాటిస్తున్నది. మణిపూర్, మిజోరం ప్రాంతాల బెనె మెనషేకు 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ గుర్తింపు లభించింది. వీరికి మాత్రం లభించలేదు. అంటే వారసత్వం రక్తంతోనో, విశ్వాసంతోనో సిద్ధించడం లేదు. దానిని ధ్రువపరచే అధికారం ఒకరి చేతిలో ఉంది.

యుద్ధాలు ఈ యాత్రను ఆపలేకపోయాయి. 2023 అక్టోబరులో హమాస్ దాడి తర్వాత నిలిచిన పర్యటనలు 2024 జనవరిలో పునఃప్రారంభమయ్యాయి. 2025 జూన్‌లో ఇరాన్‌తో యుద్ధం మొదలైనప్పుడు సుమారు 2,800 మంది యాత్రికులు ఇజ్రాయెల్‌లో చిక్కుకున్నారు. వారిలో 1,500 మందిని ఓడలో సైప్రస్‌కు చేర్చారు. కథలుగా విన్న దేశాన్ని వారు ఆశ్రయ గదులలో నుండి చూశారు.

మూలాలు వెదుక్కునే యువతను తప్పుపట్టనక్కరలేదు. పూర్వుల నేలపై నిలబడాలన్న కోరిక సహజమైనది, గౌరవనీయమైనది. అయితే ఆ నేలపై మరొకరి పూర్వులు కూడా నిలిచి ఉన్నారన్న సత్యాన్ని బస్సు కిటికీ నుండి చూపని యాత్ర సగం వారసత్వాన్నే అందిస్తుంది. మిగిలిన సగం ఇరవయ్యేళ్ళ వారికి బరువే కావచ్చు. దానిని దాచిపెట్టి ఇచ్చిన కానుక మాత్రం ఎల్లకాలం నిలువదు.