సర్క్యూట్ డయాగ్రం కొన్నవాళ్లకు ఇవ్వాల్సిందే

పాటలకు ట్రాక్ కట్టేవాళ్లు, డబ్బింగ్ చెప్పేవాళ్లు, షార్ట్ ఫిల్ములు తీసేవాళ్లు చాలామంది ఇప్పుడు ఇంట్లోనే ఒక గదిని స్టూడియోగా మార్చుకుంటున్నారు. ఆ గదికి ప్రాణం స్టూడియో మానిటర్ల జత. మామూలు స్పీకరు బాస్ పెంచి ఇంపుగా వినిపిస్తుంది, మానిటర్ మాత్రం రికార్డయింది రికార్డయినట్టు వినిపిస్తుంది. జతలో ఒకటి మూగబోయిందంటే, వారంటీ దాటాక తరచుగా వినాల్సి వచ్చే జవాబు 'బోర్డు మొత్తం మార్చాలి' అనో, 'ఆ మోడల్ రావడం లేదు, కొత్తది తీసుకోండి' అనో ఉంటుంది. స్టీరియోకు రెండూ ఒకే మోడల్ కావాలి కాబట్టి, చెడినదానితో పాటు బాగున్నది కూడా మూలన పడుతుంది. ఈ నష్టానికి అసలు కారణం కంపెనీలు సర్క్యూట్ డయాగ్రంను, విడిభాగాల వివరాలను బయటికి ఇవ్వకపోవడమే. వాటిని కొన్నవాళ్లకు ఇచ్చి తీరాలని చట్టమే చెప్పాలి.

ఎందుకంటే ఈ పెట్టెల్లో వచ్చే లోపాలు చాలావరకు చిన్నవి, మళ్లీ మళ్లీ కనిపించేవి. ఇళ్లలో వాడే మానిటర్లలో ఎక్కువ భాగం యాక్టివ్ రకం. ఆంప్లిఫయర్, పవర్ సప్లై రెండూ వెనక రేకుకు బిగించి లోపలే ఉంటాయి. మూసిన చెక్కపెట్టెలో ఆ వేడికి ముందుగా అలిసిపోయేది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసి ఉన్న కెపాసిటర్, వేడి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా సుమారు రెట్టింపు కాలం పనిచేస్తుంది. వేడి పెరిగితే ఆయుష్షు అదే లెక్కన తరుగుతుంది. ఇంకో లోపం కంటికే కనిపిస్తుంది. పెద్ద భాగాలు కదలకుండా ఫ్యాక్టరీలో పోసే ఒక రకం పసుపు గమ్ము ఏళ్ల తరబడి వేడికి ముదురు గోధుమరంగుకు మారి, కరెంటును పారనిస్తుంది, పక్కనున్న రెసిస్టర్ల కాళ్లను తినేస్తుంది. దాన్ని గీకేసి, పాడైన భాగాలు మారిస్తే లేచి కూర్చునే మానిటర్లున్నాయి. ఆ భాగాల ఖరీదు పదుల రూపాయల్లో, జత ఖరీదు వేలల్లో ఉంటుంది.

లోపం ఎటువైపుందో తెలుసుకోవడానికి మొదటి మెట్లు ఎవరైనా ఎక్కగలరు. కుడి కేబుల్‌ను ఎడమ మానిటర్‌కు మార్చి చూస్తే తప్పు కేబుల్‌దో మానిటర్‌దో తేలుతుంది. ఇన్‌పుట్ కేబుళ్లన్నీ పీకేసినా హమ్ పోలేదంటే చాలాసార్లు పవర్ సప్లై కెపాసిటర్లనే అనుమానించాలి. ట్వీటర్ (సన్నని ధ్వనులు పలికే చిన్న స్పీకరు) వైర్లు విడదీసి మల్టీమీటర్ పెడితే, 4 ఓములదైతే 3కి కాస్త పైన చూపించాలి; ఏమీ చూపించలేదంటే కాయిల్ తెగింది. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఆంప్లిఫయర్ ఐసీ మ్యూట్ పిన్ను మీద ఎన్ని వోల్టులుండాలి? కాలి నల్లబడిన రెసిస్టర్ విలువ ఎంత? డయాగ్రం లేకపోతే చెయ్యి తిరిగిన మెకానిక్ కూడా ఊహ మీదే పని చేయాలి. చాలా పాత రేడియోల్లో ఈ బొమ్మ వెనక అట్టకే అతికించి ఉండేది.

ఇళ్లలో విప్పితే ప్రాణాల మీదికి వస్తుందని కంపెనీలు అంటాయి. ఆ భయం నిజమైనదే. మన 230 వోల్టుల కరెంటు స్విచింగ్ పవర్ సప్లైలో సుమారు 325 వోల్టుల డీసీగా మారుతుంది, ప్లగ్గు పీకాక కూడా పెద్ద కెపాసిటర్‌లో నిలిచి ఉండొచ్చు. మెయిన్స్ పని తెలియనివాళ్లు ఆ బోర్డు జోలికి వెళ్లకూడదు. అయితే ఏ భాగం లైన్ వైపుందో, ఏది సురక్షితమైన వైపుందో చెప్పేది ఆ డయాగ్రమే. దాన్ని దాచడం ప్రమాదాన్ని పెంచుతుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకో, ఊళ్లోని రిపేరు షాపుకో తీసుకెళ్లినా మెకానిక్‌కు కావలసిందీ అదే. తెలిసిన మెకానిక్ మానిటర్‌ను ముందు సిరీస్ బల్బు మీద, అంటే కరెంటు ఒక బల్బు గుండా వెళ్లేలా, పెడతాడు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే ముందుకెళ్తాడు, నిండుగా వెలిగిందంటే లోపల షార్టుందని ఆపేస్తాడు.

వ్యాపార రహస్యాలు బయటపడతాయన్న అభ్యంతరం అంత బలమైనది కాదు. డీఎస్పీ (ధ్వనిని డిజిటల్‌గా సరిదిద్దే చిప్) ప్రోగ్రాం రహస్యమైతే కంపెనీ దగ్గరే ఉంచుకోవచ్చు, పవర్ సప్లైలో దాచడానికి పెద్దగా ఏమీ లేదు. మెకానిక్ చెయ్యి పడితే ధ్వని కచ్చితత్వం పోతుందన్న మాటలో కొంత నిజముంది. ధ్వనిని ట్వీటర్‌కు, పెద్ద స్పీకరుకు విడదీసే క్రాసోవర్‌లో తప్పు విలువ వేసినా, వేరే మోడల్ ట్వీటర్ బిగించినా పోతుంది. అందుకే సరైన విలువలు, సరైన ట్వీటర్ దొరకాలి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అందులోని నాలుగు రంగాలు. పోర్టల్ మంచిదే, కానీ కంపెనీలు ఇచ్చిన సమాచారం వరకే చూపగలదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, 100 డాలర్లు, ఆపై టోకు ధర ఉన్న ఎలక్ట్రానిక్ వస్తువులకు, ఆ మోడల్ చివరిగా తయారైనప్పటి నుంచి కనీసం ఏడేళ్లు విడిభాగాలు, పనిముట్లు, సమాచారం అందుబాటులో ఉంచాలి. మన చట్టంలోనూ అలాంటి గడువుండాలి, ఆడియో పరికరాల పేరు అందులో విడిగా రాయాలి. మోడల్ ఆపేసే కంపెనీ ఆ రోజే దాని సర్క్యూట్ డయాగ్రంను పోర్టల్‌లో పెట్టాలి.