పురిటిబిడ్డకు తల్లి వాసనే దారి

బిడ్డ భూమి మీద పడిన వెంటనే వేడినీళ్లు పోసి, సువాసన సబ్బుతో రుద్ది, పౌడరు అద్ది, సాంబ్రాణి పొగ పట్టి, అటుపిమ్మటనే తల్లి ప్రక్కలో వేయుట మన యిండ్లలో పలువురు పాటించు పద్ధతి. బిడ్డ శుభ్రముగా నుండవలెనన్న ప్రేమయే దీనికి కారణము. కాని యీ తొందరలో బిడ్డకు ప్రకృతి యిచ్చిన మొదటి ఆనవాలును మన చేతులతో మనమే కడిగివేయుచున్నామని నా మనవి.

పుట్టిన బిడ్డకు దూరపు వస్తువు స్పష్టముగా కనబడదు. ముక్కు మాత్రము గర్భములోనే పనికి సిద్ధమగును. తల్లి తిన్నదాని వాసన ఉమ్మనీటిలో చేరును; బిడ్డ దానిని అక్కడనే గుర్తు పెట్టుకొనును. చనుమొన చుట్టునున్న నల్లని వలయములో చిన్న చిన్న గ్రంథులు గలవు. వాని నుండి ఊరు ద్రవపు వాసన బిడ్డను పాలకు పిలుచును.

ఇది ఊహ కాదు. 1975లో ఇంగ్లండున మాక్‌ఫార్లేన్ అను వైద్యుడు బిడ్డ తలకు ఒక ప్రక్క కన్నతల్లి పాలగుడ్డను, రెండవ ప్రక్క పరాయి తల్లి పాలగుడ్డను ఉంచి చూచెను. ఆరు రోజుల బిడ్డలు కన్నతల్లి గుడ్డ వైపే ఎక్కువగా ముఖము త్రిప్పిరి. 1994లో లాన్సెట్ పత్రికలో వెలువడిన మరియొక పరిశోధనలో, పుట్టిన వెంటనే తల్లి రొమ్ముపై పరుండబెట్టిన 30 మంది శిశువులలో 22 మంది, కడిగిన చన్నును విడిచి కడుగని చన్నునే వెదకికొనిరి.

"మా తాతలనాటి నుండి ఇట్లే చేయుచున్నాము, పిల్లలు పెరుగలేదా?" అని పెద్దలు అడుగవచ్చును. పెరిగిరి. నేను పాత ఆచారములన్నిటికి విరోధిని కాను. బాలింతకు వెల్లుల్లి పథ్యము పెట్టుట మన పెద్దల అలవాటు. తల్లి వెల్లుల్లి తిన్నచో ఆ వాసన పాలలోనికి దిగుననియు, అప్పుడు బిడ్డ మరికొంతసేపు చన్ను విడువదనియు 1991లో అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మంచిదానిని నిలుపుకొందము, తొందరను మాత్రము మానుకొందము.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో నూటికి 88కి పైగా ప్రసవములు వైద్యశాలలలో జరుగుచున్నవి. కాని పుట్టిన గంటలోపల తల్లిపాలు నోచుకొన్న బిడ్డలు నూటికి 42 మందైనను లేరు. దీనికి కారణములు పెక్కు గలవు, స్నానమొక్కటే కాదు. అయినను మన చేతిలోనున్నది ఇదియే గదా! మొదటి స్నానమును 24 గంటలు ఆపవలెననియు, ఆచారరీత్యా వీలుకానిచో కనీసము 6 గంటలైనను ఆపవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

కావున బిడ్డను పొడిగుడ్డతో తుడిచి, తల్లి రొమ్ముపై ఒడలికి ఒడలు తగులునట్లు పరుండబెట్టి, పైన కప్పవలెను. ముర్రుపాలు పారబోయరాదు. చన్నును సబ్బుతో కడుగరాదు. అత్తరు, సాంబ్రాణి పురిటిగది దరిదాపులకు రానీయరాదు. ఆ పొగ పసికందు ఊపిరికిని మంచిది కాదు. బిడ్డకు జబ్బు చేసిన యెడల మాత్రము డాక్టరు మాటయే శిరోధార్యము.

మరియొక విన్నపము. మా బరంపురము వంటి చోట్ల స్నానమెప్పుడన్నది డాక్టరు కంటె ముందుగా అమ్మమ్మ నిర్ణయించును. ఆమెకు ఒరియా బజారు వరకే. మనసున కెక్కునది తెలుగు మాట. ఆంధ్రేతర రాష్ట్రములలో తెలుగువారు హెచ్చుగా నున్న పట్టణముల ప్రసూతి వార్డులలో ఈ నాలుగు మాటలు తెలుగున గూడ వ్రాసి తగిలించవలెను. చదువురాని వారికి నర్సులు నోటితో చెప్పవలెను. దీనికి ఖర్చు లేదు. ఫలితము పొందువారు నోరులేని పసివారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బరంపురము, గంజాం జిల్లా.