జాగా లేనివారికి ఇల్లెప్పుడు?

తెలంగాణ ప్రభుత్వం 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ప్రారంభించింది. తొలి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు, ఒక్కో ఇంటికి 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. సొంత జాగా ఉండి ఇల్లు లేనివారిని ఎల్-1 జాబితాలో, జాగా కూడా లేనివారిని ఎల్-2లో చేర్చి, ఎల్-1కు తొలి ప్రాధాన్యం ఇచ్చింది. పైకి ఇది పరిపాలనా సౌలభ్యమే. కానీ జాగా ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్న ప్రశ్నకు మన పల్లెల్లో కులమే జవాబు.

దొడ్డి కొమురయ్య 1946 జులై 4న నేలకొరిగిన కడవెండి, చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన పాలకుర్తి నేటి జనగామ జిల్లాలోనివే. భూమి కోసం అంతటి పోరు నడిచిన నేలపై దళితవాడలు ఇంకా ఊరి అంచునే ఉన్నాయి. తాతకు దక్కిన ఇంటి స్థలాన్ని మనవలు పంచుకుంటే, పథకం కోరే కనీస 400 చదరపు అడుగుల ఇంటికి చోటెక్కడిది? పొయ్యిలు వేరైనా జాగా ఒక్కటే.

మహబూబాబాద్ తండాల్లో, కోయ గూడేల్లో సమస్య మరో రూపంలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సాగుతోపాటు నివాసానికీ హక్కు కల్పించింది. పట్టా సాగుకే పరిమితమంటూ పక్కా ఇంటికి అడ్డు చెబితే అది చట్టాన్ని సగమే అమలు చేయడం. బొగ్గు గనులు, థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్న భూపాలపల్లిలోనేమో కూలి కుటుంబానికి గజం జాగా కొనడమే గగనం.

జాగా ఉన్న పేదకూ దారి సులువు కాదు. బేస్‌మెంట్ పూర్తయ్యాకే తొలి లక్ష చేతికొస్తుంది. అంతవరకు సిమెంటుకు, ఇనుముకు అప్పే దిక్కు.

2023 ఆగస్టు 26న చేవెళ్లలో కాంగ్రెస్ ప్రకటించిన ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ ఇల్లులేని ప్రతి దళిత, గిరిజన కుటుంబానికి ఇంటి స్థలం, నిర్మాణానికి 6 లక్షలు ఇస్తామన్నది. ఆ హామీలో తొలి మాట స్థలమే. దాన్ని మలి విడతకు నెట్టడం న్యాయం కాదు. ఉత్తరప్రదేశ్‌లో దళితుల ఇళ్ల కోసం జరిగిన భూసేకరణను యజమానులు సవాలు చేసిన చమేలీ సింగ్ కేసులో, గూడు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. పేదల నివాసాలకు భూమి సేకరించడం ప్రజాప్రయోజనమేనని 2013 భూసేకరణ చట్టమూ గుర్తించింది. నిధులకు 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నది. కొరవడినది రాజకీయ సంకల్పమే.

ఈ ప్రాంతంలోని జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, పాలకుర్తి, మహబూబాబాద్, డోర్నకల్, భూపాలపల్లి స్థానాల్లో మూడు రిజర్వుడు. ఆరుగురు శాసనసభ్యులూ పార్టీలకు అతీతంగా సభలో అడగాల్సినవి మూడు: ఎల్-2 జాబితాను గ్రామాలవారీగా, సామాజికవర్గాల వివరాలతో వెల్లడించాలి. ప్రత్యేక నిధితో భూమి కొని మహిళల పేరిట పట్టాలివ్వాలి. తొలి విడత సొమ్మును పునాదికి ముందే చెల్లించాలి. లబ్ధిదారుల జాబితాలో పేరు చేర్పించడం సిఫారసు మాత్రమే. జాగా లేనివారికి జాగా ఇప్పించడమే ప్రాతినిధ్యం. విద్యార్థి సంఘాలు, దళిత, ఆదివాసీ సంఘాలు తమ ఎమ్మెల్యేలను అడగాల్సిన లెక్క ఇదే.