గోడమీది గులాబి

భద్రాచలానికి ఎగువన, గోదావరి ఎడమగట్టున, సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న పర్ణశాలకు ఆ పేరు ఒక ఇంటివలన వచ్చినది. వనవాసకాలంలో సీతారామలక్ష్మణులు నివసించిన ఆకుల ఇల్లు ఇక్కడనే ఉండెనని తెలుగువారి స్థలపురాణం. పంచవటి తమ నాసికలోనే ఉన్నదని మహారాష్ట్రులు అంటారు. ఆ వివాదం అట్లుండగా, ఆ ఇంటిని లక్ష్మణుడు కట్టిన తీరును వాల్మీకి అరణ్యకాండలో వర్ణించిన పద్ధతి గమనింపదగినది. మట్టిని చదునుచేసి, నిట్టలు నిలిపి, పొడుగాటి వెదుళ్ళు పరచి, జమ్మికొమ్మలను త్రాళ్ళతో బిగించి, దర్భతోను రెల్లుతోను ఆకులతోను కప్పు వేసినాడట. అంతటితో పని ముగియలేదు. గోదావరిలో స్నానముచేసి, తామరపూవులు తెచ్చి, ఆ ఇంటికి పుష్పబలి సమర్పించిన తరువాతనే అన్నగారికి ఇల్లు చూపినాడు. ఇల్లు కట్టుట ఒక పని. దానికి పూవును చేర్చుట మరియొక పని. ఈ రెండవ పనిని గురించియే ఇచట కొంత ఆలోచింపవలసి ఉన్నది.

ఆ ప్రాంతపు కోయపల్లెలలో వెదురుతడికకు మట్టి మెత్తిన గోడలు, వాటిమీదుగా కప్పుపైకి ప్రాకే సొరపాదు, చిక్కుడుతీగ ఇప్పటికిని కనిపిస్తాయి. గోడయొక్క ఎండను తీగ కాస్తుంది. తీగయొక్క బరువును గోడ మోస్తుంది. మట్టిగోడలు పోయి సిమెంటు గోడలు వచ్చినచోట ఈ పొత్తు తెగిపోయినది. రంగు వేసిన క్రొత్త గోడమీద తీగ ప్రాకినచో గోడ పాడగునని ఇంటివారి భయం. ఆ భయం సిమెంటు గోడకంటె ఎక్కువకాలం నిలుస్తున్నది. అయినను, క్యాలెండరు బొమ్మలలో విదేశపు ఇంటిగోడనిండ విరగబూసిన గులాబితీగను చూచి, ‘ఇటువంటిది మన ఇంటికి ఉండినచో!’ అని నిట్టూర్చని వారు అరుదు. ఆ కోరిక మంచిదే. అయితే దానికి మూడు ఆక్షేపణలు వినవస్తున్నవి.

మొదటి ఆక్షేపణ, గులాబి పరదేశపుదని. మన గోడకు జాజి, మల్లె, మాధవి ఉండగా దీని అవసరమేమని కొందరి ప్రశ్న. కణ్వాశ్రమంలో శకుంతల ‘వనజ్యోత్స్న’ అని ముద్దుపేరు పెట్టి మామిడిచెట్టుకు పెండ్లిచేసినది నవమల్లికకే గాని గులాబికి కాదు. ‘గులాబి’ అను మాట పారసీకంనుండి వచ్చినదనుటయు నిజమే. కాని మాట పుట్టిన చోటు వేరు, మొక్క పుట్టిన చోటు వేరు. 1882లో జార్జి వాట్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మణిపూరు కొండలలో అడవిచెట్లమీదికి ఎగబ్రాకిన పెద్దపూవుల గులాబిని చూచినాడు. దానికి రోజా జైగాంటియా అని శాస్త్రనామం. సువాసనకు పేరుపడిన ‘టీ’ గులాబీల పూర్వికులలో అది యొకటి. వంగదేశపు పల్లపు నేలలలో, నీరు నిలిచినచోట గూడ పెరిగే రోజా క్లైనోఫిల్లా అను మరొక అడవిగులాబి ఉన్నది. చైనానుండి యూరోపుకు పోయిన గులాబీలు కలకత్తామీదుగా పోవుటచేత ఫ్రెంచివారు వాటిని ‘బంగాళపు గులాబీ’లనియే పిలిచినారు. గోడకు గులాబిని ప్రాకించుట తెల్లవారి వేడుక అనుకొనుటయు పొరపాటే. 1843–46 మధ్య చైనాలో తిరిగిన రాబర్టు ఫార్చ్యూన్, నింగ్‌పో నగరంలో ఒక అధికారి తోటగోడను పూర్తిగా కప్పివేసిన పసుపుపచ్చని గులాబితీగను చూచి ఆశ్చర్యపడి, దానిని తన దేశానికి తీసికొనిపోయినాడు. నేడు ‘ఫార్చ్యూన్స్ ఎల్లో’ అని పిలిచే గులాబి అదియే. మిరపకాయ కూడ సముద్రము దాటి వచ్చినదే. దానిని పరదేశపుదని తెలుగువాడెవడును తన వంటింటినుండి వెళ్ళగొట్టలేదు.

రెండవ ఆక్షేపణ, గులాబి తీగయే కాదని. ఇది సత్యం. చిక్కుడు చుట్టుకొంటుంది; బీర నులితీగలతో పట్టుకొంటుంది; మిరియపు తీగ కణుపులనుండి వేళ్ళువేసి అంటుకొంటుంది. గులాబికి ఈ మూడింటిలో ఏ శక్తియు లేదు. దానికున్నది ముల్లు మాత్రమే. ఆ ముల్లు గూడ కొమ్మలోనుండి పుట్టినది కాదు; పైచర్మమునుండి లేచినది కనుకనే ప్రక్కకు నొక్కినచో పుటుక్కున ఊడివస్తుంది. అడవిలో ఆ ముండ్లనే కొంకులుగా చేసికొని పొదలమీద వాలి పైకి పోతుంది. నున్నని గోడమీద ఆ ఆధారం లేదు. కనుక గోడమీది గులాబి తనంతట తాను తీగ కాలేదు. దానిని కట్టే చేయి ఒకటి కావలెను.

ఆ కట్టుటలోనే మర్మమున్నది. నిట్టనిలువుగా పెరిగిన కొమ్మ తన సారమంతయు కొనచిగురుకే ఇస్తుంది. కొనచిగురులో పుట్టి క్రిందికి దిగే రసము ప్రక్కకండ్లను నిద్రపుచ్చుటయే దీనికి కారణం. అందుచేత పూవులు ఎక్కడో చూరుపైన, కంటికి అందనిచోట పూస్తాయి. అదే కొమ్మను గోడవెంట అడ్డముగా వంచి కట్టినచో కొనయొక్క అధికారం తగ్గుతుంది. నిద్రపోతున్న కండ్లు కణుపుకొకటి చొప్పున మేలుకొని చిన్న రెమ్మలు వేస్తాయి. ప్రతి రెమ్మయు పూస్తుంది. వంచుటకు తగిన కాలం కొమ్మ ఇంకను పచ్చగా, మెత్తగా ఉన్నప్పుడే. ముదిరినదానిని వంచబోయినచో విరుగుతుంది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని పెద్దలు చెప్పినమాటను ఉపాధ్యాయులు తరగతిగదిలో ఎన్నిమార్లో చెప్పియుందురు. కాని గులాబి ఆ సామెతకు మరియొక సగము చేరుస్తున్నది. వంచిన చేయి వెంటనే వదలరాదు, గట్టిగా బిగింపనురాదు. ఇనుపతీగతో కట్టినచో లావెక్కే కొమ్మను అది కోస్తుంది. కొబ్బరినారతో, గోనెపురితో వదులుగా కట్టి, ఏటేట విప్పి మరల కట్టవలెను. ఇది శిక్షణకు ఉపమానముగా వాడుకొన్నను తప్పులేదు గాని, ముందు మొక్కకే ఆ న్యాయం జరుగవలెను.

మూడవ ఆక్షేపణ ఎండను గురించి. ఇది అన్నిటికంటె బలమైనది. భద్రాచలం, కొత్తగూడెం ప్రాంతాలలో వేసవిని 45 డిగ్రీలు దాటుట అరుదు కాదు. పడమటిగోడ సాయంకాలానికి పెనమువలె కాలుతుంది. అచట గులాబిని నాటుట దానిని వేయించుటయే. తూర్పుగోడ, ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నానికి నీడపడే గోడ, దానికి తగినది. గోడకు ఆనించక, జానెడు దూరంలో వెదురుతడిక నిలిపి దానికి కొమ్మలను కట్టినచో వెనుక గాలి ఆడుతుంది. గోడయు పాడు కాదు, ఆకును బూడిదతెగులు అంతగా ముసరదు. వెదురు మొదళ్ళకు చెద పట్టకుండ చూచుకొనవలెను. ఏటిగట్టు పల్లెలకు మరొక జాగ్రత్త అవసరం. 2022 జూలై 16న భద్రాచలంవద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినది. 53 అడుగులే మూడవ ప్రమాద హెచ్చరిక. వరద వదలిన ఒండ్రుమట్టి గులాబికి బలమే గాని, నిలిచిన నీరు దానికి చావు. కనుక పాదును గోతిగా గాక మిట్టగా చేసి నాటవలెను.

ఇక ఏ గులాబిని నాటవలెనన్నది ప్రశ్న. 1867లో ఫ్రాన్సులో ‘లా ఫ్రాన్స్’ అను గులాబి వెలువడినది. దానితోనే ఆధునిక గులాబీల యుగం ఆరంభమైనదని లెక్క. అంతకు పూర్వమే ఉన్న కుటుంబాలకు చెందినవి పాతగులాబీలు. వాటిలో గాలికా, సెంటిఫోలియా మొదలైనవి గట్టి చలి లేనిదే సరిగా పూయవు. మన ఎండకు అవి పనికిరావు. చైనా, టీ, నోయిసెట్, బూర్బన్ కుటుంబాలవి మన వేడిని ఓర్చగలవు. 1864లో వచ్చిన ‘మరేషల్ నీల్’ అను పసుపు నోయిసెట్ గులాబి గోడకే పుట్టినట్లుండే తీగ. తల వాల్చి పూస్తుంది. క్రింద నిలిచి చూచేవారికి పూవు ముఖము కనబడుటకు అది అనుకూలం. దక్షిణాదిలో ఎడ్వర్డు గులాబి, పన్నీరు గులాబి అను పేర్లతో దండలకు వాడే గులాబి బూర్బన్ కుటుంబంలోనిది. హిందూమహాసముద్రంలో నాడు బూర్బన్ అని, నేడు రీయూనియన్ అని పిలువబడే ద్వీపంలో, పొలాలకంచెలుగా వేసిన చైనా గులాబికిని డమాస్కు గులాబికిని కలిగిన సంతానం అది. దాని పొడుగాటి కొమ్మలు తడికకు వంచి కట్టుటకు అనువైనవి.

పాతగులాబికి సువాసన ఎక్కువ, క్రొత్తదానికి నిండుదనం ఎక్కువ అని సాధారణంగా చెప్పుతారు. దీనిని సూత్రముగా పట్టుకొనరాదు; పరిమళించే క్రొత్తవియు ఉన్నవి, వాసనలేని పాతవియు ఉన్నవి. అసలు భేదం మరొకచోట ఉన్నది. నేడు నర్సరీనుండి కొని తెచ్చే గులాబి చాలవరకు అంటుమొక్క. పైన పూచేది ఒకటి, క్రింద నేలను పట్టుకొన్నది మరొకటి. పైది ఎండిపోయినపుడు క్రిందినుండి వేరొక చిగురు లేచుట చూచి ఇంటివారు ‘గులాబి అడవిగులాబి అయినది’ అనుకొంటారు. నిజానికి అంతవరకు పై పూవును పోషించినది ఆ క్రిందిదే. మనదేశంలో అంటుకు క్రింద వాడే రకాలలో ఎడ్వర్డు గులాబియు ఒకటి. క్రొత్త గులాబి చచ్చినపుడు కొనుటకు మరల అంగడికి పోవలెను. ఎడ్వర్డువంటి పాతగులాబికి ఆ అవసరం లేదు. కార్తీకంలో, వానలు వెనుకబట్టి చలి దిగుతున్నపుడు, పెన్సిలు మందము, జానెడు పొడవు గల ముదురుకొమ్మను కోసి, సగము మట్టిలో గుచ్చి, నీడపట్టున తడి ఆరకుండ చూచినచో నెలా నెలన్నరలో వేరుపోస్తుంది. అందుచేత అది పొరుగింటికి ఇవ్వదగినది, అత్తవారింటికి పోయే ఆడపిల్ల తడిగుడ్డలో చుట్టి తీసికొనిపోదగినది.

ఇది క్రొత్తదానిమీద కోపము కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసి, 1980లో ఆ కొలువు విడిచి కొడైకెనాలులో స్థిరపడిన వీరరాఘవన్ గారు, వారి సతీమణి గిరిజగారు, మణిపూరు అడవితీగను, వంగదేశపు చిత్తడినేల గులాబిని తీసికొని వేడిదేశాలకు తగిన క్రొత్త గులాబీలను సృష్టించినారు. వారి తీగగులాబి యొకదానిపేరు ‘గోల్డెన్ త్రెషోల్డ్’. అది 1905లో వెలువడిన సరోజినీ నాయుడుగారి తొలి కవితాసంపుటి పేరు. హైదరాబాదులోని ఆమె ఇంటికిని అదే పేరు. ఆ పేరునకు బంగారు గడప అని అర్థం. ఇంటిగడపను చేరవలసిన తీగకు తగిన పేరే. అయితే అట్టి క్రొత్తదియు పాత అడవితీగ చేతులు పట్టుకొనియే పైకి వచ్చినదని మరువరాదు.

గోడకు తీగను కట్టువాడు ఆ ఇంట మరి నాలుగేండ్లయిన ఉందునను నమ్మకముతోనే కడతాడు. మొదటి యేడు వేరు, రెండవయేడు కొమ్మ, మూడవయేటగాని పూవులు నిండుగా రావు. ఆ నమ్మకమే గోదావరి అంచున నేడు సన్నగిల్లినది. పోలవరం జలాశయపు ముంపు కారణముగా ఇల్లు విడువవలసిన కుటుంబాలు లక్షకు పైబడినవని అధికారుల లెక్క. వాటిలో చాలవరకు భద్రాచలానికి దిగువనున్న కోయ, కొండరెడ్డి పల్లెలవి. ఇంటికి, పొలానికి, చెట్టుకు నష్టపరిహారపు పట్టికలు ఉంటాయి. గోడమీది చిక్కుడుపాదుకు, పెరటిలోని గులాబికి ఏ పట్టికలోను చోటుండదు. పునరావాస కాలనీలలో వరుసలు తీర్చిన సిమెంటు గోడలు అట్టి పాదులకై చూస్తున్నవి. గోడను పెకలించి మోసుకొనిపోలేరు. ఇరువదియేండ్ల తీగను మోసుకొనిపోలేరు. జానెడు కొమ్మను మాత్రము పోగలరు. పాతగులాబిని కాపాడవలెనని చెప్పుటకు ఇంతకుమించిన కారణం అక్కరలేదు. పరిహారపు మాట ఆ కొమ్మ తీర్చదు. తీర్చునని చెప్పుట అన్యాయం. కాని క్రొత్తగోడను తమ గోడగా చేసికొనుటకు అది మొదటి పని కాగలదు.

ఈ పనిలో బడికి పాత్ర ఉన్నది. ఊరిలో బదిలీలకు, అమ్మకాలకు లోనుగానిది సాధారణంగా బడిగోడయే. దానిమీద నినాదములు వ్రాయుటకు విడిచిన తావులో తూర్పువైపు పది అడుగులు ఒక తడికకు ఇచ్చినచో చాలును. ముండ్లకు వెరచువారు 1868నాటి ‘జెఫిరిన్ డ్రూహాన్’ అను ముండ్లులేని బూర్బన్ గులాబిని వెదకుకొనవచ్చును. లేకున్న ఊరిలోని ముసలమ్మ పెరటిలో పూచే గులాబినుండి ఒక కొమ్మ అడిగి తెచ్చినను సరిపోవును. ఏ తరగతి నాటినదో, ఎవరి పెరటినుండి వచ్చినదో ఒక పలకమీద వ్రాసి ఉంచవలెను. ఐదవ తరగతి కట్టిన కొమ్మలను మరుసటి యేడు ఆరవ తరగతికి పోయిన ఆ పిల్లలే విప్పి మరల కట్టవలెను. బడి విడిచిపోయేనాడు ప్రతి విద్యార్థికిని ధ్రువపత్రముతోపాటు వేరుపోసిన కొమ్మ ఒకటి చేతికిచ్చినచో, కొన్నియేండ్లకు ఆ గోడయెక్క చిరునామా ఊరూర పూస్తుంది.