ఎండకు ఓర్చే యాపిల్

వైద్యం కోసం వేలూరు వెళ్లే చిత్తూరు, తిరుపతి జిల్లాల కుటుంబాలకు యాపిల్ పరామర్శ పండు. సీఎంసీ ఆసుపత్రిలో ఉన్న బంధువును చూడబోతూ నాలుగు పండ్లు సంచిలో వేసుకోవడం మర్యాద. ఆ పండు కశ్మీరు నుంచో, హిమాచల్ నుంచో రావలసిందే. వేలూరు, ఆ జిల్లాలోని గుడియాత్తం పొలాలకు అచ్చొచ్చినవి మామిడి, కొబ్బరి. అయితే మైదానంలోనూ కాసే యాపిల్ మొక్కల మాట ఇప్పుడు దక్షిణాది రైతుల చెవిన పడుతోంది. ఆశపడటంలో తప్పులేదు. ఆ చెట్టు తీరు తెలుసుకుని ఆశపడటం మేలు.

పేరున్న యాపిల్ రకాలు చాలావాటికి చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి దాదాపు వెయ్యి గంటలు తగలాలి. లేకుంటే మొగ్గ సరిగా విచ్చదు, పూత విడతలు విడతలుగా వస్తుంది. వేలూరులో జనవరి రాత్రులకు కూడా అంత చలి ఉండదు. తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలు వచ్చాకే మైదాన రైతుకు దారి దొరికింది. ఇజ్రాయెల్‌లో పుట్టిన ‘అన్నా’ అలాంటిదే. దానికి పక్కనే ‘డోర్సెట్ గోల్డెన్’ వంటి తోడు చెట్టు పూస్తేనే కాపు బాగా నిలుస్తుంది.

మన దేశంలో అలాంటి రకాన్ని అందించిన ఘనత ఒక రైతుది. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా పనియాలా గ్రామంలో, పారేసిన గింజల నుంచి మొలిచిన మొక్కను హరిమన్ శర్మ జాగ్రత్తగా కనిపెట్టుకున్నారు. సుమారు 1,800 అడుగుల ఎత్తులో, మామిడి పండే ఊళ్లో, 2001లో అది కాసింది. అంట్లు కట్టి ఆయన పెంచిన ఆ రకమే హెచ్‌ఆర్‌ఎంఎన్-99. పండు జూన్‌లో చేతికొస్తుంది. 2025లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. తెలంగాణలో ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల తోడ్పాటుతో ఒక రైతు పెంచిన తోట కూడా 2020లో పండ్లిచ్చింది.

అయితే రకం ఒక్కటే చాలదు, శ్రమా కావాలి. ఇండోనేసియాలోని మలాంగ్ కొండ ప్రాంతంలో రైతులు ఆకులు చేత్తో దూసేసి చెట్టును కొత్త చిగురుకు సిద్ధం చేస్తారు, ఏడాదికి రెండు కాపులు తీస్తారు. అంటే చలి లోటును రైతు శ్రమతో పూడుస్తున్నారు. ఆ శ్రమ ఖర్చు, నీటి ఖర్చు లెక్కేసుకోకుండా గుడియాత్తం రైతు మామిడి కొట్టేసి యాపిల్ నాటకూడదు. గట్టున నాలుగైదు అంటుమొక్కలు పెట్టి, నీరు నిలవకుండా చూసి, మొదళ్లలో ఆకుచెత్త పరిచి, లేత కాయలు గుత్తికి ఒకటి రెండే ఉంచి, కొన్నేళ్ల కాపు చూశాకే విస్తీర్ణం పెంచాలి. విరింజిపురం కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు ఈ రకాలను స్థానికంగా నాటి, ఫలితాలను, నష్టాలతో సహా, రైతుల ముందుంచితే ఎంతో మేలు.

కొనేవారికీ ఒక బాధ్యత ఉంది. వెచ్చని రాత్రుల్లో యాపిల్ తొక్కకు ఎరుపు సరిగా పట్టదు, ఆ పండు ఎక్కువ రోజులు నిలవ ఉండదు. రంగు తగ్గిందని పక్కన పెట్టకుండా, కోసి రుచి చూసి ధర చెప్పాలి. తొలి పండు పత్రికలో ఫొటోకు చాలు. రైతుకు అన్నం పెట్టేది అయిదో ఏటా, పదో ఏటా తప్పకుండా వచ్చే కాపు. దానికోసం ఓపిక పట్టే రైతుకు మనం తోడుండాలి.