బరి వీడిన వీరుడు

గెలిచినవానిని భుజములపై మోయు జనమే, అతడు పోరు నడుమ చేయి విడిచిన మరుక్షణమున పిరికిపంద యని నిందించును. ఈ తీర్పు ఎంతవరకు న్యాయమో విచారింపవలసి యున్నది.

1980 నవంబరు 25వ తేదీన న్యూ ఆర్లియన్సు నగరమున జరిగిన బాక్సింగు పోటీ ఇందుకు లోకప్రసిద్ధమైన ఉదాహరణము. పనామా దేశీయుడగు రాబర్టో డురాన్, అంతకు ఐదు మాసములకు పూర్వము మాంట్రియలులో షుగర్ రే లియొనార్డును జయించి జగజ్జెట్టి యైనవాడు. రెండవ పర్యాయము లియొనార్డు చేతికి చిక్కక తిరుగుచు, ఏడవ రౌండులో అతనిని బహిరంగముగా వెక్కిరించెను. ఎనిమిదవ రౌండులో డురాన్ వెనుదిరిగి, చేయి విసరి, పోరు చాలించెను. కడుపునొప్పి వలన నిలువలేకపోతి నని యతడనెను. త్వరితముగా బరువు తగ్గించుకొనుటయే మూలమని కొందరును, పరిహాసము సహింపలేకపోయె నని కొందరును తలచిరి. 1964లో సోనీ లిస్టను భుజము చెడిన దని ఏడవ రౌండునకు లేవకయే పదవిని వదులుకొనెను.

ప్రేక్షకుని ఎడల యోధునకు బాధ్యత లేదా యని అడుగువారు కలరు. కలదు. కేవలము అలుకచే బరి వీడుట మేము సమర్థింపము. కాని తలకు తగిలిన దెబ్బయు, నీరు మాని శోషించిన దేహమును బయటివానికి కనబడవు. 1982 నవంబరులో కొరియా యువకుడు డుక్ కూ కిమ్, రే మాన్సినీతో పదునాలుగు రౌండులు వెనుకంజ వేయక పోరాడి నేలకొరగెను. కొలది దినములకే మరణించెను. ఆ పిమ్మటనే ప్రపంచ బాక్సింగు మండలి తన పోటీలను పదునైదు రౌండులనుండి పండ్రెండునకు తగ్గించెను. ఒక ప్రాణము పోయిన పిదప గాని నియమము మారలేదు!

మనవారిలోనే దీనికి దగ్గరి నిదర్శనము కలదు. నిజామాబాదు వాస్తవ్యుడు మహమ్మద్ హుసాముద్దీను 2023 మే మాసమున తాష్కెంటు ప్రపంచ పోటీలలో 57 కిలోల తరగతిన సెమీఫైనలునకు చేరెను. మోకాలి గాయము వలన ఆ పోటీకి దిగక, కాంస్య పతకముతో మరలెను. ఇంకొక్క గెలుపైన ఫైనలు. అట్టి ఆశను అదుపులో పెట్టుకొనుట అధైర్యమా? దేశగౌరవము యువకుని మోకాలిని విరిచి సంపాదించు వస్తువు కాదు.

కావున మా సలహా యిది. జిల్లా పోటీలందైనను బరి చెంత వైద్యు డుండవలెను. శిష్యుని పక్షమున తువాలు విసరు ధైర్యము గురువునకు కావలెను. తొందరపాటున బరువు తగ్గించు అలవాటును క్రీడాసంఘములు మాన్పింపవలెను. ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిసరములందలి తార్నాక, బౌద్ధనగరు యువకులైనను, పల్లెల కుస్తీ పట్టువారైనను, ఆగవలసినచోట ఆగుటయు విద్యలో భాగమే యని నేర్వవలెను. అది నేర్పవలసినవారు పెద్దలు.

డురాన్ 1983లో డేవీ మూర్‌ను ఓడించి మరల జగజ్జెట్టి యయ్యెను. బ్రతికి యున్నవానికే రెండవ అవకాశము. ఈ సంగతి బరిలోని బాలునికంటె ముందు, వెలుపల నిలిచి కేకలు వేయు మనకు తెలియవలెను.