గుడారములో సౌకర్యము విలాసమా?

మన ప్రాంతపు పాఠశాలలలో గుడారపు శిబిరముల మాట వచ్చినప్పుడెల్ల పెద్దలు ఒక ప్రశ్న వేయుదురు. "పిల్లలు కష్టము నేర్చుటకు గదా పోవుచున్నారు! వారికి మెత్తని పరుపులు, దీపములు, దోమతెరల గుడారములు ఎందుకు? మేము కటికనేలపై పరుండలేదా?" ఈ ప్రశ్న గౌరవింపదగినదే. ఐనను దీనికి సమాధానము చెప్పవలసియున్నది.

ఆడికృత్తికకు కావడి మోసికొని తిరుత్తణి కొండకు నడచి వచ్చిన మన పెద్దలు త్రోవలో చెట్లక్రింద బస చేసినమాట నిజమే. కాని వారు వట్టిచేతులతో రాలేదు. చాప, కంబళి, చెంబు, లాంతరు వెంట తెచ్చుకొనిరి. తమ కాలమున దొరకిన మేలైన సాధనములనే వారు మోసికొనిరి. మన కాలపు సాధనములను మనము మోసికొనుటలో తప్పేమున్నది?

తిరువళ్ళూరునకు సమీపమున పూండి కలదు. కుశస్థలి నదిపై 1944లో పూర్తియైన జలాశయము అచ్చటిదే. దాని దాపుననున్న అత్తిరంపాక్కమున 1863లో రాబర్టు బ్రూస్ ఫుట్ ఆదిమానవుల రాతి పనిముట్లను కనుగొనెను. అచ్చటి పనిముట్లలో కొన్ని సుమారు పదునైదు లక్షల సంవత్సరముల నాటివని 2011లో పరిశోధకులు ప్రకటించిరి. గుడియము కొండగుహలును ఆ ప్రాంతముననే యున్నవి. ఇట్టి చోటును బస్సు ఆగిన గంటసేపులో చూచుట చూచుట కాదు. సాయంకాలమును, తెల్లవారుజామును అచ్చట గడపిన పిల్లవానికే ఆ నేల తెలియును. మేకు, గుంజ, ముడి, తలుగు అను తెలుగు మాటలు కూడ వాచకమునుండి దిగి వాని చేతిలోనికి వచ్చును.

అయితే ఊరిబయటి మైదానమున చేతిపంపు, చెట్టునీడ తప్ప మరేమియు ఉండకపోవచ్చును. రాత్రియెల్ల నిదురలేని పిల్లవాడు మరునాడు రాతి పనిముట్టును చూడడు, ఇంటిదారినే చూచును. పరుండినవాని ఒంటివేడిని నేల లాగికొనును గనుక పైన కప్పు దుప్పటికంటె క్రింద పరచు ఫోము చాప ముఖ్యము. రెండు పొరల గుడారములో లోపలిది గాలియాడు వల, పైది మంచును, వానను ఆపు గుడ్డ. నలుగురి ఊపిరి తేమ వలగుండ వెలుపలికి పోవుటచే పడకలు తడియవు. అడుగుగుడ్డ గోడలతో కలిపి కుట్టబడి, ద్వారమునకు జిప్పు ఉన్నచో తేలునకు, పామునకు త్రోవ ఉండదు. పగలు ఎండలో నుంచిన చిన్న సౌరదీపము రాత్రి వెలుగునిచ్చును. వీనిలో విలాసమెక్కడ నున్నది?

ఇంతకంటె ముఖ్యమైన మాట ఒకటి కలదు. 1907లో బేడన్ పవెల్ ఇంగ్లండులోని బ్రౌన్సీ ద్వీపమున నడపిన తొలి శిబిరమునకు బాలురే వచ్చిరి. బాలికలకు వేరుగ గైడుల సంస్థ 1910లో ఏర్పడెను. నూరేండ్లు దాటిన పిదప కూడ మన శిబిరముల జాబితాలో ఆడపిల్లల పేర్లు కొద్దిగనే కనబడుచున్నవి. దానికి కారణము వారి పిరికితనము కాదు. స్నానమునకు, కాలకృత్యములకు మరుగు లేదని తల్లి వెనుదీయుచున్నది. ఆ తల్లి భయము న్యాయమైనది. నిలువెత్తు మరుగు గుడారములు రెండు, మంచి దీపములు, తోడుగ ఒక ఉపాధ్యాయిని ఉన్నచో ఆ భయము చాలవరకు తీరును. కష్టము నేర్పుదుమని ఈ సౌకర్యమును నిరాకరించినచో, మగపిల్లలు కష్టము నేర్తురు, ఆడపిల్లలు ఇంటనుందురు.

వెల మాట కూడ చెప్పవలెను. ఎవరి సామగ్రి వారే తెచ్చుకొనుడన్నచో బీదవాని బిడ్డ రాలేడు. కావున పాఠశాలయే సామగ్రిని కొని, భద్రపరచి, ఏటేట వాడవలెను. అందరికిని ఒకే తీరు గుడారముండవలెను. తిరిగివచ్చిన మరునాడే పిల్లలచేత వానిని ఎండలో ఆరవేయించవలెను. తడిగ మడచినచో బూజు పట్టును.

సౌకర్యమునకును హద్దు కలదు. పాటలపెట్టె హోరు శిబిరమునకు అక్కరలేదు. అటవీశాఖ అనుమతి లేక అడవిలో అడుగుపెట్టరాదు. అచ్చట నిప్పు రాజేయరాదు. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి అడవిలోని మంటలు కొండనడకకు పోయినవారి ప్రాణములు తీసినవి. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మనకు వానకాలము గనుక జనవరి, ఫిబ్రవరి మాసములే మేలు. ఏ మాసమైనను వాగుగర్భమున గుడారము వేయరాదు. ఈ ముప్పుల నెరిగి నడచుకొనుటయే పిల్లలు నేర్వవలసిన కష్టము. నడుమునొప్పితో తెల్లవార్చుట విద్య కాదు.

తల్లిదండ్రులారా! శిబిరమునకు పేర్లు వ్రాయునాడు ఏయే సౌకర్యములున్నవో మమ్ము నిలదీసి అడుగుడు. తగిన సమాధానము దొరకినచో మీ కుమారుని పేరుతోపాటు మీ కుమార్తె పేరును వ్రాయించుడు.